సమాధి రాతి మీద తప్పుడు సంవత్సరం

అమెరికాలోని న్యూ హ్యాంప్‌షైర్‌లో జాఫ్రీ అనే చిన్న ఊళ్లో నవలా రచయిత్రి విల్లా క్యాథర్ సమాధి ఉంది. రాతి మీద ఆమె పుట్టిన తేదీ 1876 డిసెంబర్ 7 అని చెక్కారు. నిజానికి ఆమె పుట్టింది 1873లో. 1874 జనవరిలో ఆమె తండ్రి సోదరుడికి రాసిన ఉత్తరంలో పసిపాప ప్రస్తావన ఉంది కాబట్టి ఇందులో వాదనకు చోటు లేదు. అక్కడికి చాలా దూరంలో, ఫ్లోరిడాలోని ఫోర్ట్ పియర్స్‌లో, నల్లజాతి రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ సమాధి రాతి మీద 1901 అని ఉంది. ఆమె పుట్టింది 1891లో.

మొదటి తప్పు క్యాథర్ బతికుండగా తానే మొదలుపెట్టింది. వయసు తగ్గించి చెప్పుకుంది, అదే రాతికెక్కింది. రెండో రాయి 1973లో రచయిత్రి ఆలిస్ వాకర్ వేయించింది. గుర్తు కూడా లేని ఆ సమాధిని వెతికి పట్టుకుని, హర్‌స్టన్ లోకానికి చెప్పుకున్న సంవత్సరాన్నే నమ్మి చెక్కించింది. హర్‌స్టన్ పదేళ్లు కొట్టేసింది సోకు కోసం కాదు. 1917లో బాల్టిమోర్‌లో ఉచితంగా చదువుకోవాలంటే ఇరవయ్యారేళ్ల మనిషికి బడిలో చోటు లేదు, పదహారేళ్ల పిల్లకు ఉంది.

ఈ కాలపు అమెరికన్ రచయిత్రుల పుస్తకాల గురించి మాట కలిసినప్పుడల్లా ఒక సలహా వినిపిస్తుంది: ముందు ఆమె జీవితం తెలుసుకోండి, నవల దానంతటదే అర్థమవుతుంది అని. ఈడిత్ వార్టన్ కాపురం సంగతి తెలిస్తేనే ఆమె నవల 'ఈథన్ ఫ్రోమ్' తెలుస్తుందట. క్యాథర్ ఎవరితో కలిసి బతికిందో తెలిస్తేనే నెబ్రాస్కా నవలలు తెలుస్తాయట. ఈ సలహాలో లోపం ఏమిటంటే, అది జీవిత చరిత్రను స్థిరమైన వస్తువు అనుకుంటుంది. జీవిత చరిత్ర రాసిన సంవత్సరానికి ఏ పెట్టె తెరిచారు, ఏ పెట్టెకు ఇంకా తాళం ఉంది అన్నదాన్ని బట్టే అందులోని మనిషి తయారవుతుంది. నవలదీ అదే పరిస్థితి. మన చేతిలో ఉన్నది ఏ ముద్రణ పాఠమో తెలియకుండా దాని చివరి వాక్యం మీద వాదించడం గాలిలో కత్తి తిప్పడమే.

భారతం దగ్గర మనకు ఈ అలవాటు ఉంది. ఏ ప్రతి, ఏ పాఠం, ఏది ప్రక్షిప్తం అని అడగకుండా పండితులు ముందుకు కదలరు. నూరేళ్ల కిందటి నవలకు ఆ ప్రశ్న అక్కర్లేదనుకుంటాం, అచ్చయిన పుస్తకం కదా అని. తాటాకు మీద రాసేవాడి పొరపాటు ఒక ప్రతితో పోతుంది. అచ్చులో అయితే అదే పొరపాటు వేల ప్రతుల్లోకి ఎక్కుతుంది.

పెళ్లిలో చదివిన చావు మంత్రం

ఈడిత్ వార్టన్ 'ది ఏజ్ ఆఫ్ ఇన్నోసెన్స్' 1920లో పిక్టోరియల్ రివ్యూ పత్రికలో జూలై నుంచి అక్టోబర్ దాకా నాలుగు భాగాలుగా వచ్చింది. ఆ ఏడాదే ఆపిల్టన్ సంస్థ పుస్తకంగా వేసింది. మరుసటి ఏడు నవలకు పులిట్జర్ బహుమతి అందుకున్న మొదటి స్త్రీ ఆమె అయింది. (న్యాయనిర్ణేతలు సింక్లేర్ లూయిస్ 'మెయిన్ స్ట్రీట్'‌ను సిఫారసు చేస్తే, పైవాళ్లు కాదని దీనికిచ్చారు. అది వేరే కథ.)

కథానాయకుడు న్యూలాండ్ ఆర్చర్ మనసు ఎలెన్ దగ్గర ఉంది, పెళ్లి మే అనే అమ్మాయితో జరుగుతోంది. చర్చిలో పాదిరి ప్రార్థన పుస్తకం తెరిచి చదవడం మొదలుపెడతాడు. మొదటి ముద్రణలో, 186వ పేజీలో, ఆయన చదివే వాక్యం పెళ్లి తంతులోది కాదు, శవాన్ని పూడ్చేటప్పుడు చదివేది. తర్వాతి ముద్రణల్లో దాన్ని తీసేసి పెళ్లి వాక్యం పెట్టారు. ఇప్పుడు పాత పుస్తకాలు అమ్మేవాళ్లు అసలు తొలి ప్రతిని గుర్తుపట్టేది ఈ తప్పుతోనే.

ఇంత అందమైన తప్పు మీద సిద్ధాంతం కట్టకుండా ఉండటం కష్టం. ఆర్చర్‌కు ఈ పెళ్లి అంత్యక్రియే అని రచయిత్రి గుట్టుగా చెప్పింది అంటూ పది పేజీలు రాయొచ్చు. కానీ దిద్దిన పాఠమే ఆమె లోకానికి వదిలింది. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. 1885లో పెళ్లయి 28 ఏళ్లు భరించి 1913లో విడాకులు తీసుకున్న మనిషి చేతికి, పెళ్లి వాక్యం రాయబోతే చావు వాక్యమే ఎందుకు వచ్చింది అని ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్నను తోసిపుచ్చే ధైర్యం నాకు లేదు. ఆ ప్రశ్న అడగడానికైనా రెండు ముద్రణల తేడా తెలియాలి అన్నంతవరకే నా పట్టుదల.

వార్టన్ జీవిత చరిత్రల సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. 1934లో ఆమె స్వయంగా రాసిన 'ఎ బ్యాక్‌వర్డ్ గ్లాన్స్' చదివితే ఆమెకు స్నేహితులు, తోటలు, ప్రయాణాలు ఉన్నాయని తెలుస్తుంది. విడాకుల ఊసు, ప్రేమ ఊసు కనపడవు. యేల్ విశ్వవిద్యాలయంలో ఆమె కాగితాలు 1968 దాకా తాళంలో ఉన్నాయి. అవి తెరిచాక 1975లో ఆర్.డబ్ల్యు.బి. లూయిస్ రాసిన చరిత్రలో ఆమె ప్రియుడు మోర్టన్ ఫుల్లర్టన్ బయటపడ్డాడు. అంతవరకూ ఆమె మనసులోని మనిషి వాల్టర్ బెర్రీ అని చాలామంది నమ్మేవారు. ఆ పుస్తకానికి పులిట్జర్ కూడా వచ్చింది. అప్పటికీ ఆమె ఫుల్లర్టన్‌కు రాసిన ఉత్తరాలు ఎవరూ చూడలేదు. తిరిగిచ్చెయ్యమని ఆమె అడిగినా ఇవ్వకుండా అతను దాచుకున్న ఆ ఉత్తరాలు, దాదాపు 300, 1980లో పైకొచ్చి టెక్సస్ విశ్వవిద్యాలయానికి చేరాయి. లూయిస్ కోసం పారిస్‌లో వెతికిపెట్టిన మెరియన్ మేన్‌వారింగ్, ఆయన పుస్తకంలో తప్పులున్నాయంటూ చివరికి 2001లో తనే ఫుల్లర్టన్ మీద పుస్తకం వేసింది.

కనుక 1975 పుస్తకాన్ని పాత పుస్తకాల బండి మీద చూసి తీసుకుంటే తప్పు లేదు, చదవడానికి హాయిగా ఉంటుంది. ప్రేమ వ్యవహారం దగ్గర మాత్రం దాన్ని సాక్ష్యంగా వాడకూడదు. ఒక్కటే కొనగలిగితే 2007లో హెర్మయొనీ లీ రాసింది కొనండి. లావుగా ఉంటుంది, ఇళ్ల గురించీ తోటల గురించీ ఓపికను పరీక్షిస్తుంది. అయినా ఉత్తరాలు చూసి రాసిన పుస్తకం.

ఇదే మేన్‌వారింగ్ పేరు ఇంకోచోట జాగ్రత్తగా చూడాలి. వార్టన్ చివరి నవల 'ది బక్కనీర్స్' సగంలో ఉండగా పోయింది. 1938లో వేసిన పుస్తకంలో ఆమె రాసినంతవరకే ఉంది, మిగతా కథకు ఆమె రాసుకున్న సారాంశం ఉంది. 1993లో మేన్‌వారింగ్ ఆ నవలను పూర్తి చేసింది. 1995లో టీవీ ధారావాహికను అనుసరించి మరో ముగింపు కూడా వచ్చింది. మూడింటి అట్ట మీదా వార్టన్ పేరే పెద్దగా ఉంటుంది. ముగింపు బాగుందనో బాలేదనో ఎవరైనా అంటే, ఎవరి ముగింపు అని అడగాలి.

ఉటంకించకూడదు అన్న షరతు

క్యాథర్ వీలునామాలో రెండు షరతులు ఉన్నాయి. నా రచనల్ని నాటకాలుగా, సినిమాలుగా మార్చొద్దు. నా ఉత్తరాల్లో ఒక్క ముక్క కూడా అచ్చు వేయొద్దు. మొదటిది అర్థమవుతుంది. 'ఎ లాస్ట్ లేడీ' రెండుసార్లు సినిమా అయి ఆమెకు రోత పుట్టించింది. రెండోదాని ఫలితం మాత్రం ఆమె ఊహించి ఉండదు.

ఉత్తరాలు గ్రంథాలయాల్లో ఉన్నాయి. ఎవరైనా వెళ్లి చదవొచ్చు. చదివింది యథాతథంగా రాయకూడదు అంతే. 1947లో ఆమె పోయాక అరవై ఏళ్లకు పైగా ప్రతి పరిశోధకుడూ గ్రంథాలయంలో కూర్చుని చదివి, నోట్సు రాసుకుని, ఇంటికొచ్చి తన మాటల్లో తిప్పి రాశాడు. 1987లో జేమ్స్ వుడ్రెస్ రాసిన పెద్ద చరిత్ర, అదే ఏడాది షారన్ ఒబ్రయన్ పుస్తకం, 1989లో హెర్మయొనీ లీ పుస్తకం, అన్నీ ఈ షరతు కిందే రాసినవి. తిప్పి రాయడంలో ఏం పోతుందో తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. ఇంట్లో పెద్దావిడ ఎగతాళిగా అన్న మాటను మూడో మనిషి "ఆవిడ ఇలా అభిప్రాయపడ్డారు" అని చెప్తే ఏం మిగులుతుందో అదే మిగులుతుంది. వెటకారం పోతుంది, విసురు పోతుంది, ఒక్కోసారి అర్థమే తిరగబడుతుంది.

దీనికి నాకు తెలిసిన గట్టి ఉదాహరణ 1892 జూన్‌లో, 18 ఏళ్ల వయసులో, లూయీజ్ పౌండ్ అనే స్నేహితురాలికి క్యాథర్ రాసిన ఉత్తరం. అందులో ఆడవాళ్ల మధ్య స్నేహం విషయంలో 'అసహజం' అన్న మాట వాడింది. ఆ ఒక్క మాట చర్చల్లో చాలా దూరం తిరిగింది. తన ప్రేమ గురించి తనకే అపరాధ భావం ఉందనడానికి దాన్ని రుజువుగా చూపారు. ఉత్తరంలో ఆ వాక్యం మొదలయ్యేది, అలా అసహజం కావడం అన్యాయం అంటూ. 'అన్యాయం' ఉన్న వాక్యానికీ లేని వాక్యానికీ మధ్య ఇద్దరు వేర్వేరు క్యాథర్‌లు ఉన్నారు. ఒకరు సిగ్గుపడుతున్న పిల్ల, ఇంకొకరు దెబ్బలాడుతున్న పిల్ల.

ఆస్తి బాధ్యత చూసిన మేనల్లుడు చార్ల్స్ క్యాథర్ 2011లో పోయాక హక్కులు ఒక ట్రస్టుకు చేరాయి. 2013లో ఆండ్రూ జువెల్, జానిస్ స్టౌట్ 566 ఉత్తరాలతో సంపుటం తెచ్చారు. ఆమె కోరికకు విరుద్ధంగా ఈ పని చేస్తున్నామని ముందుమాటలోనే ఒప్పుకున్నారు. ఆమె తన ఉత్తరాలన్నీ కాల్చేసిందన్న కథ ఒకటి అంతకుముందు బాగా ప్రచారంలో ఉండేది. లెక్క చూస్తే మూడు వేలకు పైగా మిగిలే ఉన్నాయి. ఇప్పుడు నెబ్రాస్కా విశ్వవిద్యాలయం వాళ్ల క్యాథర్ ఆర్కైవ్‌లో అవి ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి.

చనిపోయిన మనిషి వద్దన్న పని చేయడం తప్పు కాదా? ఈ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. చివరి వాక్యం దాకా చదివి బోలెడు ఆనందించిన వాణ్ని ఇప్పుడు నీతి మాట్లాడితే దొంగ ఏకాదశి ఉపవాసంలా ఉంటుంది. అయినా ఒక సంగతి చూడండి. ఆ నిషేధం ఆమె ఏకాంతాన్ని కాపాడలేదు. ఉత్తరాల్లో ఏముందో అందరూ చెప్పుకుంటూనే ఉన్నారు. ఆమె మాటలు మాత్రమే ఆగిపోయాయి, ఆమె గురించి ఇతరుల మాటలు ఆగలేదు. ఏది ఎక్కువ అన్యాయమో నాకు స్పష్టంగానే ఉంది.

కాబట్టి క్యాథర్ మీద పుస్తకం పట్టుకుంటే మొదట చూడాల్సింది అది 2013కు ముందుదా తర్వాతదా అని. ముందుదైతే పారేయనక్కర్లేదు. తేదీలు, ప్రయాణాలు, పత్రికాఫీసు రోజుల వివరాల్లో వుడ్రెస్‌ను మించినది ఇప్పటికీ లేదు. ఉత్తరం సంగతి వచ్చిన చోటల్లా తేదీ చూసుకుని, ఆ తేదీ ఉత్తరాన్ని ఆర్కైవ్‌లో తెరిచి పక్కన పెట్టుకుని చదవాలి. రెండు మూడు సార్లు చేస్తే ఆ రచయిత ఎటు వంచుతాడో చెయ్యి తెలుస్తుంది. 2021లో మెలిస్సా హోమ్‌స్టెడ్ రాసిన పుస్తకం ఈ కాగితాలన్నీ చూసి రాసింది. క్యాథర్‌తో దాదాపు నలభై ఏళ్లు కలిసి బతికిన ఈడిత్ లూయిస్ అంతవరకూ చరిత్రల్లో ఇల్లు చూసుకునే నీడలా ఉండేది. ప్రకటనల సంస్థలో రాతపని చేసి సంపాదించుకున్న ఆ మనిషి, క్యాథర్ టైపు ప్రతుల మీద తన చేతిరాతతో వాక్యాలు దిద్దింది. ఎవరితో కలిసి బతికిందో తెలుసుకోవడం వల్ల నవలకు నిజంగా వచ్చే లాభం ఇదీ.

రెండు పాఠాలూ ఆవిడవే అయితే?

ఇక్కడ నా వాదన కొంచెం కుంటుతుంది. అచ్చు తప్పులు, ఇతరుల కత్తిరింపులు తేలిక. వాటిని పక్కన పెట్టి రచయిత్రి రాసింది పట్టుకోవచ్చు. రచయిత్రే రెండోసారి మార్చి రాస్తే?

క్యాథర్ నవల 'మై ఆంటోనియా' 1918 ముద్రణకు ఒక ముందుమాట ఉంది. అది కథలో భాగమే. పేరు లేని ఒక మనిషి రైల్లో పాత స్నేహితుడు జిమ్ బర్డెన్‌ను కలుస్తుంది. ఇద్దరూ ఆంటోనియా గురించి మాట్లాడుకుంటారు, ఇద్దరూ రాద్దామనుకుంటారు. జిమ్ తన రాతప్రతితో వస్తాడు, ఆమె మాత్రం కొన్ని ముక్కలు రాసుకుని ఆపేసింది. ఆంటోనియా వచ్చీపోతుంటే చూస్తుండిన చిన్న ఆడపిల్లను నేను, జిమ్‌కు దొరికిన అవకాశాలు నాకు దొరకలేదు అంటుంది. 1926లో క్యాథర్ ఈ ముందుమాటను బాగా కుదించింది. జిమ్ భార్య మీద విసుర్లు తగ్గాయి. ఆ రెండో రాత సంగతి పోయింది. మాట్లాడుతున్నది ఆడమనిషి అన్న ఆనవాలు కూడా దాంతోపాటే పోయింది.

వాక్యాల మేరకు 1926ది మెరుగు. అందులో సందేహం లేదు. కానీ 1918ది చదివితే, ఈ పుస్తకం ఒక మగవాడు రాయగలిగింది, పక్కనే ఒక ఆడమనిషి రాయలేకపోయింది ఇంకొకటి ఉంది అన్న ఎరుకతో నవల మొదలవుతుంది. మొదటిసారి 1926 పాఠం చదవండి, రెండోసారి 1918ది వెతకండి అంటాను. 1918 ముద్రణలో డబ్ల్యు.టి. బెండా గీసిన ఎనిమిది గీతల బొమ్మలు కూడా ఉండాలి. క్యాథర్ దగ్గరుండి వేయించుకుంది వాటిని. బొమ్మలు తీసేసిన చౌక ముద్రణలు చాలా ఉన్నాయి.

'ది సాంగ్ ఆఫ్ ది లార్క్' దగ్గర నా సలహా తిరగబడుతుంది. ఇది 1915 నవల. గాయని గెలిచాక కథలో పస తగ్గిందని ఆమె 1932లో ముందుమాట రాసి ఒప్పుకుంది. 1937లో తన సమగ్ర సంపుటాల కోసం కత్తెర పట్టి, ముఖ్యంగా చివరి భాగాల్లో చాలా తీసేసింది. తీసేసిన పాఠం బిగువుగా ఉంది, కానీ ఆ లావుపాటి, అలసటగల మొదటి పాఠంలోనే ఆ గాయని, థియా క్రోన్‌బర్గ్, పాటకు పెట్టిన ఖరీదు తెలుస్తుంది. ఒకచోట చివరి పాఠం, ఒకచోట మొదటి పాఠం మంచిదంటున్నావు, నీ సూత్రమేమిటి అంటే నా దగ్గర సూత్రం లేదు. రెండున్నాయని తెలిసి ఎంచుకోవడం ఒకటి, తెలియక దొరికింది చదవడం ఒకటి.

కాలుతున్న కాగితాలు

హర్‌స్టన్ 1960లో పేదరికంలో పోయింది. ఇంట్లో మిగిలిన కాగితాల్ని శుభ్రం చేసేవాళ్లు బయట మంటలో వేస్తుంటే, ఆమెను ఎరిగిన పాట్రిక్ డువాల్ అనే డిప్యూటీ షెరీఫ్ ఆగి మంట ఆర్పించాడు. అంచులు కాలిన ఆ కాగితాలు ఇప్పుడు ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. రచయిత్రుల పునరుద్ధరణ అని గంభీరంగా మాట్లాడుకునేదానికి ఆధారం ఒక్కోసారి ఇంతే, దారిన పోయే మనిషి ఒకరు ఆగడం.

కాలకుండా మిగిలినవాటిని కత్తిరించినవాళ్లూ ఉన్నారు. ఆమె స్వీయచరిత్ర 'డస్ట్ ట్రాక్స్ ఆన్ ఎ రోడ్' 1942లో వచ్చింది. 1941లో రాసిన ప్రతిలో వలస రాజ్యాల్ని, అమెరికా విదేశాంగాన్ని ఏకిపారేసిన అధ్యాయం ఉంది. ఆ డిసెంబర్‌లో పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగింది. ప్రచురణకర్తలు ఆ భాగాలు వద్దన్నారు, ఆమె తీసేసింది. ప్రచురణకర్త కారణాల వల్ల ఇందులో కొంత వాడలేదని రాతప్రతి మీద తనే రాసిపెట్టింది. అచ్చయిన పుస్తకం తెల్లవాళ్లను నొప్పించకుండా తియ్యగా ఉందని నల్లవాళ్లే తిట్టారు. ఆమె పేరును మళ్లీ బతికించిన ఆలిస్ వాకర్ కూడా, రాబర్ట్ హెమెన్‌వే 1977లో రాసిన హర్‌స్టన్ జీవిత చరిత్రకు ముందుమాట రాస్తూ, జోరా రాసినవాటిలో అతి దురదృష్టకరమైనది ఇదేనన్న అర్థంలో మాట్లాడింది. అప్పటికి వాకర్ ముందున్నది కత్తిరించిన పాఠం. తీసేసిన అధ్యాయాలు 1984లో అనుబంధంగా, 1995లో లైబ్రరీ ఆఫ్ అమెరికా అనే ప్రచురణ సంస్థ సంపుటంలో పుస్తకం లోపల వచ్చాయి.

ఆ అధ్యాయం చేరితే పుస్తకం పూర్తిగా మారిపోతుందని మాత్రం చెప్పను. పెళ్లిళ్ల దగ్గర, పుట్టిన సంవత్సరం దగ్గర ఆవిడ దాటవేత దాటవేతగానే ఉంటుంది. భయపడి రాసిందన్న నింద ఒక్కటే నిలవదు. కొనేటప్పుడు చూడాల్సింది: పునరుద్ధరించిన పాఠం, లైబ్రరీ ఆఫ్ అమెరికా పరిష్కరణ అన్న మాట అట్ట మీదో, పేరు పేజీ వెనకో ఉండాలి. లేకపోతే అది 1942 పాఠం అనుకోవచ్చు.

'బారకూన్' సంగతి దీనికి తోడు. బానిస ఓడలో వచ్చి బతికి ఉన్న కొస్సోలా అనే వృద్ధుడి కథను ఆమె అతని మాటల్లోనే రాసుకుంటే, 1931లో ఒక ప్రచురణ సంస్థ యాస వద్దు, మామూలు భాషలో రాయమంది. ఆమె మార్చలేదు. పుస్తకం 2018లో వచ్చింది. ఇదే ముసలాయన మీద 1927లో ఆమె వేసిన వ్యాసంలో చాలా భాగం వేరే రచయిత్రి పుస్తకం నుంచి ఎత్తిందని 1972లో బయటపడింది. ఆ సంగతిని హెమెన్‌వే తన పుస్తకంలో దాచకుండా చర్చించాడు. తను ప్రేమించే మనిషి దొంగతనాన్ని తనే ముందు పెట్టే చరిత్రకారుణ్ని మిగతా విషయాల్లో కూడా నమ్మబుద్ధవుతుంది.

కత్తిరించిన పాఠం అంటే మనకు రాధికా సాంత్వనం గుర్తుకు రావాలి. ముద్దుపళని తన గురించి చెప్పుకున్న భాగాలే అచ్చులో లేవని గమనించి, బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తి పాఠం వేసింది. ప్రభుత్వం నిషేధించింది. ఈ కథను ఇంగ్లీషు పాఠకుల ముందు పెట్టిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' మొదటి సంపుటం, హైదరాబాదు నుంచి సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో, 1991లో వచ్చింది. వేసింది న్యూయార్క్‌లోని ఫెమినిస్ట్ ప్రెస్. అమెరికన్ రచయిత్రి షార్లట్ పెర్కిన్స్ గిల్మన్ కథ 'ది ఎల్లో వాల్‌పేపర్'‌ను 1973లో మళ్లీ బతికించిందీ వాళ్లే.

ఆ డెబ్బైల పునరుద్ధరణకు మనం రుణపడి ఉన్నాం. అయినా అదీ ఒక ఎంపికే. గిల్మన్ సొంత పత్రికలో 1915లో వేసిన 'హర్‌ల్యాండ్' 1979లో పుస్తకమై అందరికీ తెలిసింది. 1916లో దాని కొనసాగింపుగా వచ్చినది పుస్తకం కావడానికి 1997 దాకా ఆగాల్సి వచ్చింది. వలస వచ్చినవాళ్ల గురించి, జాతుల గురించి ఆవిడ మాటలు అందులో చేదుగా ఉంటాయి. మొదటిదే చదివినవాళ్లకు దొరికేది సగం గిల్మన్.

ఆ చివరి పేరా

నెల్లా లార్సెన్ రాసింది రెండే నవలలు, 'క్విక్‌శాండ్' 1928లో, 'పాసింగ్' 1929లో. 1930లో ఒక కథ మీద సాహిత్య చౌర్యం ఆరోపణ వచ్చింది. ఆ తర్వాత మరో పుస్తకం రాలేదు. చివరి ఇరవై ఏళ్లు నర్సుగా పనిచేసి 1964లో పోయింది. డెన్మార్క్ తల్లికీ, కరీబియన్ ప్రాంతపు నల్ల తండ్రికీ పుట్టిన ఆమె, చిన్నప్పుడు కొన్నాళ్లు డెన్మార్క్‌లో ఉన్నానని చెప్పుకునేది. 1993లో చార్ల్స్ లార్సన్, 1994లో థేడియస్ డేవిస్ రాసిన చరిత్రలు ఆ మాటను నమ్మలేదు. తనకు తాను కట్టుకున్న కథ అనుకున్నాయి. తెల్లవాడిలా చెలామణీ అయ్యే మనుషుల గురించి రాసిన రచయిత్రి తన గతాన్నీ అల్లుకుంది అంటే వినడానికి ఎంత పొందికగా ఉంటుంది! 2006లో జార్జ్ హచిన్సన్ ఓడ ప్రయాణికుల జాబితాలు వెతికాడు. ఆమె పేరు ఉంది. నిజమే చెప్పింది.

నవలను బట్టి మనిషిని ఊహించడంలో ఉన్న ప్రమాదం ఇంతకన్నా బాగా ఎవరూ చూపలేరు. హచిన్సన్ చేసిందల్లా జాబితాలు, గ్రంథాలయ శిక్షణ కాగితాలు, నర్సింగ్ బడి దస్త్రాలు తిరగేయడం. తెలివైన విశ్లేషణ ఓడిపోయింది, ఓపిక గెలిచింది.

ఇక 'పాసింగ్' ముగింపు. తెల్లమనిషిలా చెలామణీ అవుతున్న క్లేర్ కిటికీలోంచి పడి చనిపోతుంది. పాత స్నేహితురాలు ఐరీన్ తోసిందా, తనే దూకిందా, జారిందా తెలియదు. ఐరీన్ కుప్పకూలుతుంది, అంతా చీకటి. మొదటి ముద్రణలో దీని తర్వాత ఇంకో చిన్న పేరా ఉంది. ఎన్నో యుగాల తర్వాత అన్నట్టు ఐరీన్‌కు ఎవరో కొత్త మనిషి గొంతు వినిపిస్తుంది: ఇది ప్రమాదవశాత్తు జరిగిన చావనే అనిపిస్తోంది, పైకి వెళ్లి ఆ కిటికీని మరోసారి చూద్దాం అని. మూడో ముద్రణ నుంచి ఆ పేరా లేదు. ఎవరు తీశారో చెప్పే కాగితం దొరకలేదు. ఇప్పటి ముద్రణలు కొన్ని చీకటితో ఆగుతాయి, కొన్ని కిటికీతో ఆగుతాయి.

చీకటితో ఆగితే మనం ఐరీన్ తలలోనే చిక్కుకుపోతాం. కిటికీతో ఆగితే తీర్పు వెలువడుతుంది, కానీ మరోసారి చూద్దాం అన్న మాటతో ఆ తీర్పుకు వెంటనే బీట పడుతుంది. ఆ పేరా ఉంటే కథ మూసుకుపోతుంది అనేవాళ్లతో నేను ఏకీభవించను. అనుమానాన్ని పోలీసు చేతికిచ్చి వదిలేసింది కదా.

ఇది తెలుగులోకి తెచ్చేవాళ్లకు ఇప్పుడు నిజమైన సమస్య. మన దేశంలో రచయిత పోయిన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి, కాబట్టి లార్సెన్ హక్కులు 2024తో తీరాయి. అమెరికాలో 1929 పుస్తకానికి 95 ఏళ్లు, అదీ 2024తోనే తీరింది. 2025 జనవరి 1న రెండు దేశాల్లోనూ ఒకేసారి తలుపు తెరుచుకుంది. వార్టన్, క్యాథర్ ఇక్కడ ఎప్పుడో విడుదలయ్యారు. హర్‌స్టన్ బతికుండగా వచ్చిన పుస్తకాలు ఇక్కడ 2021 నుంచి స్వేచ్ఛగా ఉన్నాయి, కానీ 1937 నవల 'దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్' అమెరికాలో 2032 చివరిదాకా హక్కుల కిందే ఉంటుంది. అంటే విజయవాడలో అచ్చు వేసి అమ్ముకోవచ్చు, డాలస్‌లోని తెలుగువాళ్లకు అమ్మాలంటే అనుమతి కావాలి. 'బారకూన్' లాగా మరణానంతరం వచ్చినవాటికి మన దేశంలో లెక్క పుస్తకం వచ్చిన ఏడు నుంచి మొదలవుతుంది.

'పాసింగ్' అనువదించేవాళ్లు ఆన్‌లైన్‌లో దొరికిన మొదటి పాఠం తీసుకుని పని మొదలుపెట్టకూడదు. ముందు చివరి పేజీకి వెళ్లాలి. కిటికీ మాట ఉందో లేదో చూడాలి. లేకపోతే మొదటి ముద్రణ స్కాన్ చేసిన ప్రతి తెచ్చుకుని ఆ పేరా కూడా అనువదించి, అంతా చీకటి అన్న వాక్యం తర్వాత ఒక వరస ఖాళీ వదిలి దాన్ని వేయాలి. మూడో ముద్రణ నుంచి ఇది లేదని పేజీ అడుగున ఒక్క వాక్యం చాలు, అంతకు మించి వివరించనక్కర్లేదు.